కంబాలకొండలో చుట్టునడక: ఒక పెద్ద సున్నా వద్దు, రెండు చిన్నవి వేయండి

ప్రశ్న: మేం ఎంవీపీ కాలనీలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే నాలుగు కుటుంబాల వాళ్లం. సెలవు రోజుల్లో బీచ్ రోడ్డులో కలిసి నడుస్తాం. ఈ డిసెంబరులో ఒక ఆదివారం అడవిలో, చెరువుల పక్కగా నడిచి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చేలా ఒక చుట్టు వేసుకోవాలని ఉంది. మొత్తం 12 మందిమి. మా మామగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అందరిలో చిన్నవాడికి 9 ఏళ్లు. కంబాలకొండ చెరువు దగ్గర మొదలై, కొండ దాటి ముడసర్లోవలో దిగి, ఆరిలోవ మీదుగా హైవేకి తిరిగొచ్చేలా ఫోన్ మ్యాప్‌లో గీత గీశాను. 14 కిలోమీటర్లు వచ్చింది. ఇది కుదురుతుందా? ఏ వైపు నుంచి తిరగాలి? ఏం తీసుకెళ్లాలి? అదే రోజు కొండకర్ల ఆవ కూడా చూడొచ్చా? మా కుక్కను వెంట తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీరు గీసిన గీత కుదరదు. ముందే ఈ మాట ఎందుకంటున్నానంటే, మ్యాప్‌లో అది చాలా అందంగా కనిపిస్తుంది. ఇటు ఒక నీలం మచ్చ, అటు ఒక నీలం మచ్చ, మధ్యలో పచ్చటి కొండ. వేలితో కలిపేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ పచ్చదనమంతా కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న ఈ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. హైవే పక్కనున్న పర్యావరణ పార్కులో టికెట్ తీసుకుంటే అక్కడ సందర్శకుల కోసం తెరిచిన దారుల్లో తిరగవచ్చు. అంతేగానీ ఆ టికెట్‌తో కొండెక్కి అవతల లోవలోకి దిగిపోవడానికి లేదు. చట్టాన్ని పక్కనపెట్టినా, ఆ కొండల్లో చిరుతలున్నాయి. దారి తెలియని పన్నెండు మంది పిల్లాపెద్దలు తుప్పల్లో తడుముకుంటూ నడవాల్సిన చోటు కాదది.

మీ గీతలో మిగతా సగం, అంటే ముడసర్లోవ నుంచి ఆరిలోవ, హనుమంతవాక మీదుగా హైవే వెంట నడక, అంతా తారు రోడ్డే. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటారు, అడగండి. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు కొండ కింద తొలిపావంచా (తొలిమెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా సాగరతీరానికి వచ్చి, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం చుట్టి మళ్లీ సింహాచలం చేరతారు. మొత్తం 32 కిలోమీటర్లు. మన ఊళ్లో కొండచుట్టూ తిరిగే పెద్ద చుట్టు తరతరాలుగా అదొక్కటే. అది కూడా కొండను కుడివైపు ఉంచుకుని అంచున తిరగడమే తప్ప అడ్డంగా దాటడం కాదు. ఆ రోజు దారి పొడవునా మజ్జిగా మంచినీళ్లూ అందుతాయి, వాహనాలను ఆపుతారు. మామూలు ఆదివారం అదే రోడ్డు మీద లారీల పక్కన పిల్లల్ని నడిపించమని నేను చెప్పలేను.

మరి ఏం చేయాలి? ఒకే పెద్ద చుట్టు అన్న ఆలోచన మానేయండి. చుట్టు ఎంత పెద్దదైతే, మధ్యలో ఎవరికైనా కాళ్లు నొప్పి పుడితే తిరిగి రావడం అంత కష్టం. సున్నాలో సగం దూరం వెళ్లాక ముందుకెళ్లినా వెనక్కెళ్లినా అంతే దూరం. మీలో ఒకరికి మోకాళ్ల నొప్పి ఉంది, ఒకరు తొమ్మిదేళ్ల పిల్లవాడు. మీకు సరిపోయేది 8 అంకె. రెండు చిన్న చుట్లు, రెండూ నీటి దగ్గర కలవాలి. మొదటిది గేటు నుంచి చెరువు దాకా వెళ్లి, మరో దారిన గేటుకు వచ్చేది, రెండు మూడు కిలోమీటర్లకు మించనిది. రెండోది చెరువు దగ్గర మొదలై, అడవిలో కాస్త ఎత్తుకెక్కి, తిరిగి చెరువు దగ్గరే దిగేది, నాలుగైదు కిలోమీటర్లది. మామగారు, అలసిన పిల్లలు, తోడుగా ఒకరిద్దరు మొదటి చుట్టులో నీటి దగ్గరే ఆగిపోతారు. మిగతావాళ్లు అడవి చుట్టు వేసి అక్కడికే వస్తారు. ఎవరూ ఎవరికోసమూ నడక మానుకోనక్కర్లేదు, ఎవరూ ఎవరినీ ఈడ్చుకెళ్లనక్కర్లేదు. మామగారికి కూడా 'నా వల్ల మీ అందరికీ ఇబ్బంది' అనే మాట రాదు. నన్నడిగితే ఈ మొత్తం ఏర్పాటులో ఇదే ముఖ్యం.

ఇక నీటి సంగతి. మన కొండల కింద చెరువులన్నీ దాదాపు ఒకే తీరులో ఉంటాయి. రెండు కొండల మధ్య లోవలో గెడ్డ, అంటే కొండవాగు, పారుతుంటే, దాని దిగువన అడ్డంగా గట్టు వేసి నీళ్లు నిలుపుతారు. కాబట్టి గట్టు ఒక్క వైపే. మిగతా మూడు వైపులా కొండవాలు, గెడ్డ మొగ, తుంగ, బురద. గుండ్రటి చెరువు చుట్టూ గుండ్రంగా దారి ఉంటుందనుకుని వెళ్లినవాళ్లు ఈ వెనకవైపునే ఇరుక్కుపోతారు. పైకి ఎండి పగుళ్లిచ్చిన నేలలా కనిపిస్తుంది, కాలు వేస్తే పిక్క దాకా దిగుతుంది. అందులోనూ అసలు ప్రాణం ఉన్నది ఆ బురదలోనే. పురుగులు, కప్పలు, నత్తలు, వాటికోసం వచ్చే కొంగలు అన్నీ అక్కడే. మనం అక్కడ తిరిగితే అవి లేచిపోతాయి. అందుకే చెరువును పూర్తిగా చుట్టాలని చూడకండి. గట్టువైపో, ఎత్తైన ఒడ్డువైపో ఒక పక్కన నడిచి, ఆగి, అవతలి బురదను దూరం నుంచి చూసి అడవిలోకి మళ్లండి.

ఎంత బురద ఉంటుందో ఇంట్లో కూర్చునే కొంత తెలుసుకోవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు దొరుకుతాయి. అదే చెరువును ఒక ఏప్రిల్ చిత్రంలోనూ, ఒక నవంబరు లేదా డిసెంబరు చిత్రంలోనూ చూడండి. రెండు చిత్రాల్లో నీటి అంచు మధ్య ఉన్న తేడాయే మీరు కాలు పెట్టకూడని మేర. మీ దారి గీత ఆ మేరకు బయట ఉండాలి.

డిసెంబరు ఎంచుకున్నారు, మంచి పని చేశారు. విశాఖలో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడేది అక్టోబరులో. అంటే నవంబరు చివరికి చెరువులు నిండి, గెడ్డల్లో పారకం తగ్గి, దారులు ఆరడం మొదలవుతుంది. చలికాలపు వలస పక్షులు కూడా అప్పటికి దిగుతాయి. ఆసియా అంతటా ఏటా నీటిపక్షులను లెక్కపెట్టేది జనవరిలోనే. ఒకవేళ మీకు డిసెంబరు కుదరకపోతే జనవరికి జరపండి గానీ ముందుకు తేకండి. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ ఈ కొండల మీద ఎన్ని చెట్లను పడగొట్టిందో ఊరంతా చూసింది. చిన్న వాయుగుండం వచ్చి పోయినా నాలుగు రోజులపాటు దారికి అడ్డంగా కొమ్మలుంటాయి, విరిగి పైన వేలాడే కొమ్మలు మరీ ప్రమాదం. వెళ్లే ముందు వారంలో గట్టి వాన పడితే పార్కుకు వెళ్లి ఏ దారి తెరిచి ఉందో కనుక్కున్నాకే బయలుదేరండి.

ఏ వైపు నుంచి తిరగాలన్న మీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. చాలామంది దీన్ని పట్టించుకోరు. దీనికి రెండు లెక్కలున్నాయి. ఒకటి వెలుగు. పక్షిని చూడాలంటే సూర్యుడు మన వీపు వెనక ఉండాలి. ఎదురుగా ఉంటే కొంగైనా నీటికాకైనా నల్లటి బొమ్మలాగే కనిపిస్తుంది. కంబాలకొండకు హైవే తూర్పున ఉంది, మీరు తూర్పు నుంచి పడమటికి లోపలికి వెళతారు. కాబట్టి పొద్దున్న వెళితే వెలుగు మీవైపే ఉంటుంది, సాయంత్రం వెళితే కళ్లలో కొడుతుంది. ఈ ఒక్క కారణం చాలు ఉదయం వెళ్లడానికి. పైగా పక్షుల సందడి ఉండేదీ పొద్దుటే. డిసెంబరులో మనకు పొద్దు పొడిచేది ఆరుంబావు దాటాకే, సాయంత్రం అయిదున్నరకల్లా పొద్దు వాలిపోతుంది. గేటు తెరవగానే లోపల ఉండేలా చూసుకోండి. నేరుగా నీటి దగ్గరకు వెళ్లి, అక్కడ తొందరపడకుండా ఒక అరగంట కూర్చున్నాకే అడవి చుట్టు మొదలుపెట్టండి.

రెండో లెక్క మోకాళ్లది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గానీ మోకాలికి దెబ్బ తగిలేది దిగేటప్పుడు. నిటారు దారి ఒకటి, వాలు దారి ఒకటి ఉంటే నిటారుగా ఉన్నదాన్ని ఎక్కడానికి, వాలుగా ఉన్నదాన్ని దిగడానికి ఉంచండి. ఎండు ఆకులూ సన్నటి గులకరాళ్లూ ఉన్న నిటారు దారిలో దిగడం కుర్రాళ్లకే జారుడు. మామగారు చిన్న చుట్టులోనే ఉన్నా చేతికి ఒక కర్ర ఇవ్వండి.

సమయం లెక్క కూడా చెబుతాను. విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడక, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. అంటే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు పది నిమిషాలు. మీ రెండు చుట్లూ కలిపి 8 కిలోమీటర్లు, ఎక్కుడు 150 మీటర్లు అనుకుందాం. నడకకు గంటా ముప్పై ఆరు నిమిషాలు, ఎత్తుకు పావుగంట, మొత్తం రెండు గంటల లోపు. ఇది చల్లటి దేశంలో, ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. మన ఉక్కపోతలో, పిల్లలతో, ప్రతి పిట్ట దగ్గరా ఆగే గుంపుకు దీన్ని రెట్టింపు చేయాలి. నాలుగు గంటలు పెట్టుకోండి. ఏడింటికి మొదలుపెడితే పదకొండుకు గేటు దగ్గర ఉంటారు. సముద్రపు ఊరు కాబట్టి డిసెంబరులోనూ మధ్యాహ్నపు ఎండకు చెమట కారిపోతుంది, కాబట్టి పన్నెండు దాటనివ్వకండి. మ్యాప్‌లో వేలితో కొలిచిన దూరాన్ని కూడా నమ్మకండి. అడవి దారి మెలికలు తిరుగుతుంది, కొలిచినదానికి అయిదో వంతు కలుపుకోవడం మేలు.

అందరితో వెళ్లేముందు మీలో ఇద్దరు ఒకసారి వెళ్లి ఆ దారి నడిచి రండి. టికెట్ కౌంటర్ దగ్గర సిబ్బందిని అడిగితే ఆ రోజుల్లో ఏ దారులు తెరిచి ఉన్నాయో, ఏవి మూశారో చెబుతారు. వాళ్లు వద్దన్న దారిని మ్యాప్ చూపించినా వదిలేయండి. నడిచేటప్పుడు దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయండి. తిరుగు ప్రయాణంలో అదే చోటు పూర్తిగా వేరేలా కనిపిస్తుంది, తప్పిపోయేది అక్కడే. కొండ చాటుకు వెళితే ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్‌ను ముందే ఫోన్‌లో దాచుకోండి. ఇంట్లో ఉన్న ఒకరికి 'పన్నెండున్నరకల్లా ఫోన్ చేస్తాం, చేయకపోతే పార్కుకు ఫోన్ చెయ్యి' అని చెప్పి వెళ్లండి.

అడవిలో ఏం చూడొచ్చో చెప్పకపోతే ఇదంతా ప్రమాదాల జాబితాలా అయిపోతుంది. మన కొండల అడవి మారేడుమిల్లిలా ఆకాశాన్నంటే చెట్లది కాదు. సముద్రపు గాలికి, ఎండకు తట్టుకుని పెరిగిన పొట్టి చెట్లు, దట్టమైన తుప్పలు, మధ్య మధ్య గడ్డి మైదానాలు. నేరేడు, ఉసిరి, చింత, వెదురు, ఈత పొదలు కనబడతాయి. తలంబ్రాల మొక్క పూలు పిల్లలకు నచ్చుతాయి, కానీ అది ఇక్కడిది కాదు, బయటి నుంచి వచ్చి అడవిని కమ్మేస్తున్న కలుపు. ఈ సంగతి పిల్లలకు చెప్పండి, గుర్తుంచుకుంటారు. చెరువు మీద మునుగుతూ తేలుతూ ఉండే బుడుబుంగ, కొమ్మ మీద రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకి, నీళ్లలోకి నిటారుగా దూకే లకుముకి పిట్ట, ఇవి మూడూ అనుభవం లేని కళ్లకు కూడా దొరుకుతాయి. తీతువు అరిచిందంటే మిమ్మల్ని చూసి మిగతావాటిని హెచ్చరిస్తోందని అర్థం. అప్పుడు ఉన్నచోటే ఆగిపోండి, అది కుదుటపడ్డాక నడవండి. నెమలి కేక వినబడటం మామూలే. తెల్లటి పొడవాటి తోక రిబ్బనులా వేలాడే తోకపిగిలి పిట్ట చలికాలంలో నీడ ఉన్న గెడ్డల పక్కన కనిపించవచ్చు. ఒక్క బైనాక్యులర్ ఉన్నా చాలు, వంతుల వారీగా పిల్లల చేతికివ్వండి. స్పీకరు పెట్టి పాటలు మాత్రం వద్దు, దయచేసి.

నడిచే వరుస ఇలా ఉండాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు, పిల్లలు మధ్యలో, బాగా నడవగలిగే పెద్దవాళ్లు చివర. పిల్లలు ముందుకు పరిగెత్తకూడదు, వెనక ఒంటరిగా మిగలకూడదు. చిరుతలు మనుషులను తప్పించుకునే తిరుగుతాయి గానీ వంగి కూర్చున్న పిల్లవాడు వాటికి చిన్న జంతువులా కనబడతాడు. తుప్పల దారిలో మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడవండి, నీటి దగ్గర మౌనంగా ఉండండి. కాలికి పూర్తిగా మూసిన బూట్లు, పొడవు ప్యాంటు. రాళ్ల సందుల్లో చేతులు పెట్టకూడదు. పాము కాటేస్తే గట్టిగా కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకండి. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లడమే వైద్యం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తుప్పల్లో ఉండే సన్నటి పురుగుల కాటుతో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. వానల తర్వాత, చలికాలంలో మన ప్రాంతంలో కనిపించే జబ్బే. గడ్డిలో కూర్చోవాలంటే దుప్పటి పరుచుకోండి, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు వేడినీళ్లలో వేయండి. ఆ తర్వాత వారం పది రోజులకు ఎవరికైనా జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కులా పుండు ఉందేమో చూడండి. ఫలానా రోజు అడవిలో తిరిగామని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వెంటనే గుర్తిస్తే మామూలు మాత్రలతో తగ్గిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది.

తీసుకెళ్లాల్సినవి ఎక్కువ లేవు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, మామగారి మందులు, ఒక విజిల్, దూది, కట్టు గుడ్డ. తిండికి పులిహోర, వేరుశనగ ఉండలు చాలు. స్టీలు డబ్బాల్లో పెట్టి సంచి లోపల దాచండి, ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే కోతులు మీద పడతాయి. వాటికి ఏమీ పెట్టకండి. నిప్పు రాజేయడం అభయారణ్యంలో నిషిద్ధం.

ముడసర్లోవ మీ మనసులో ఉంది కదా, దాన్ని వదులుకోనక్కర్లేదు. కంబాలకొండలో నడక అయ్యాక ఆటోల్లో హనుమంతవాక మీదుగా అక్కడికి వెళ్లండి. పార్కులో చెట్ల కింద భోజనం చేయొచ్చు. జలాశయం బ్రిటిష్ కాలం నాటిది, నేటికీ నగరానికి నీళ్లిచ్చేవాటిలో ఒకటి. 2018లో నీటి మీద తేలే 2 మెగావాట్ల సౌర పలకలు పెట్టారు, వాటిని పిల్లలకు చూపించండి. తాగునీటి చెరువు కాబట్టి గట్టు మీదకు వెళ్లే ముందు అక్కడి సిబ్బందిని అడగండి.

కొండకర్ల ఆవను మాత్రం అదే రోజు కలపకండి. అది అచ్యుతాపురం వైపు, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, నగరానికి దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ అడవి లేదు, కొండల నేపథ్యంలో పొలాలు, తాటిచెట్లు, మధ్యలో తామరాకులు కప్పిన విశాలమైన నీరు. రెండు తాటి మానులను జతచేసి కట్టిన దోనెల మీద ఊరివాళ్లు తీసుకెళతారు. తామరాకుల మీదే నడిచే పొడవాటి వేళ్ల పిట్ట, ఊదా ఒళ్లూ ఎర్ర ముక్కూ ఉన్న నీటికోడి, నత్తల్ని తినే కొంగ కనిపిస్తాయి. దోనె నీటికి బాగా దగ్గరగా ఉంటుంది, పిల్లలకు లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కించకండి. జనవరిలో ఒక తెల్లవారుజామున ప్రత్యేకంగా వెళ్లండి. మీ మామగారికి కంబాలకొండ కంటే అదే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం, నడక తక్కువ, చూసేది ఎక్కువ.

కుక్క విషయంలో నా సమాధానం వద్దనే. చిరుతకు కుక్క ఇష్టమైన వేట, కుక్క వెంట ఉంటే ఆ జంతువు మీ గుంపు దాకా రావచ్చు. పెంపుడు కుక్కల నుంచి అడవి జంతువులకు జబ్బులు సోకుతాయి కూడా. ఆ ఒక్క పూటకు దాన్ని అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా అప్పజెప్పి రండి, సాయంత్రం ఎలాగూ బీచ్ రోడ్డు ఉంది దానికి.